వెలుగు గడియారం, 3వ పాఠం: దువ్వెన పళ్ళతో కాంతిని లెక్కపెట్టడం

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క ముందు తేల్చేసుకుందాం, ఇవాళ్టిది మొత్తం దాని మీదే నిలబడుతుంది. రోజుకి 4 సెకన్లు వెనకబడే చేతి వాచీ ఎంత తప్పు చూపిస్తోంది అని అడిగాను. రోజుకి 86,400 సెకన్లు, అందులో 4 పోయాయి, 4 ని 86,400 తో భాగిస్తే 0.0000463, అంటే లక్షకి నాలుగున్నర పైన. నాలుగు సెకన్లు అని రాసి ఆపేస్తే అది సగం జవాబే, ఎందుకంటే ఎన్ని సెకన్లలో నాలుగు అనేది చెప్పకపోతే రెండు గడియారాల్ని పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఇక నుంచి మనం గడియారం బాగుందా లేదా అని అడిగినప్పుడల్లా ఈ భాగం గురించే మాట్లాడతాం. అలవాటు చేసుకోండి.

మా నాన్నకి తెనాలిలో వాచీ రిపేరు షాపు ఉండేది. వెనక మూత తీసి, బాలెన్స్ చక్రం పక్కన ఉండే సన్న పుల్లని ప్లస్ వైపుకో మైనస్ వైపుకో వెంట్రుకవాసి జరిపి, రేడియోలో వార్తల ముందు పడే పిప్‌ల దగ్గర సెకన్ల ముల్లు ఎక్కడుందో చీటీ మీద రాసుకుని, మళ్ళీ మర్నాడు అదే పిప్ దగ్గర చూసి, తేడా ఎంతో అప్పుడు కస్టమర్‌కి చెప్పేవారు. ఆ కాలపు చేతి వాచీల్లో చాలావాటికి సెకనుకి 5 టిక్కులు, గంటకి 18,000. రెండు టిక్కులకి ఒక పన్ను చొప్పున చక్రాన్ని వదులుతూ, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతూ, చివరికి సెకన్ల ముల్లు నిమిషానికి ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే లోపల రెండు పనులు జరుగుతున్నాయి. ఊగే పని ఒకటి, ఆ ఊపుల్ని తప్పిపోకుండా లెక్కపెట్టే పని ఇంకోటి. మొదటి రెండు పాఠాల్లో ఊగే పని చూశాం, పెండ్యులం, క్వార్ట్జ్ స్ఫటికం, సీజియం, స్ట్రాన్షియం అనే మూలకాల పరమాణువులు. ఈ పాఠం అంతా లెక్కపెట్టే పని గురించే, నా మటుకు నాకు ఈ కథలో గొప్ప సంగతి ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే వెలుగు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టలేకపోయినంత కాలం, పరమాణువు ఎంత నిలకడగా ఊగినా అది గడియారం కాలేకపోయింది.

ఇవాళ కావలసినవి కాగితం, పెన్ను, కాలిక్యులేటర్, రెండు ఫోన్లు. పాఠం అయ్యేసరికి చిన్న చిన్న అంకెలు నాలుగు చేతిలో పెట్టుకుని స్ట్రాన్షియం లేజర్ ఫ్రీక్వెన్సీని, అంటే సెకనుకి ఎన్ని ఊపులో, 15 అంకెల దాకా మీరే కట్టగలగాలి. ఆ పని వచ్చేసిందంటే ఆప్టికల్ క్లాక్ (వెలుగు ఊపులతో నడిచే గడియారం) గురించి ఏ వార్త చదివినా లోపల ఏం జరుగుతోందో మీకు కనబడుతుంది.

అసలు ఇబ్బంది ఎక్కడంటే

సీజియం సంగతి గుర్తుంది కదా, సెకనుకి 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 ఊపులు. 1955లో ఇంగ్లండ్ టెడింగ్టన్‌లో ఎస్సెన్, ప్యారీ సరిగ్గా పనిచేసే మొదటి సీజియం గడియారం నడిపారు, 1967లో ఆ అంకెనే సెకను నిర్వచనంగా పెట్టేశారు. ఇది మైక్రోవేవ్, 9 గిగాహెర్ట్జ్ చిల్లర (హెర్ట్జ్ అంటే సెకనుకి ఒక ఊపు, మెగా అంటే పది లక్షలు, గిగా అంటే వంద కోట్లు), ఎలక్ట్రానిక్స్‌తో లెక్కపెట్టొచ్చు, తీగలో పంపొచ్చు, చిప్‌తో భాగించొచ్చు.

స్ట్రాన్షియం దగ్గరికొస్తే ఎరుపు లేజర్, 698 నానోమీటర్లు, సెకనుకి 429,228,004,229,873 ఊపులు. మన లెక్కలో దాదాపు 4 కోట్ల 29 లక్షల కోట్లు. ఒక్క ఊపుకి పట్టే టైమ్ 2.3 ఫెమ్టోసెకన్లు, అంటే సెకనుని కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్ళీ కోటి ముక్కలు చేస్తే వచ్చే దానిలో నాలుగో వంతు కన్నా తక్కువ. ఏ ట్రాన్సిస్టరూ అంత వేగంగా ఆన్ ఆఫ్ అవ్వదు. ఎలక్ట్రానిక్ కౌంటర్ కొన్ని పదుల గిగాహెర్ట్జ్ దాకా వచ్చి చేతులెత్తేస్తుంది, వెలుగు ఇంకా వేల రెట్లు పైన ఉంటుంది.

అయినా వెలుగే ఎందుకు అంటే, స్కేలు మీద గీతలు ఎంత దగ్గరగా ఉంటే అంత సన్నగా కొలవగలం కాబట్టి. సీజియం ఒక గీత గీసే లోపల స్ట్రాన్షియం 46 వేల గీతల పైన గీస్తుంది. మంచి సీజియం ఫౌంటెన్ గడియారం తప్పు 10⁻¹⁶ దగ్గర, అంటే సుమారు 30 కోట్ల ఏళ్ళకి ఒక సెకను. ఆప్టికల్ గడియారాలు 10⁻¹⁸ దగ్గరికి వచ్చేశాయి, విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళంటారు కదా, అంతకాలం నడిపినా అర సెకను తేడా రాదు.

ఫ్రీక్వెన్సీ దువ్వెన అనే లేజర్ పరికరం (కాసేపట్లో చూద్దాం) రాకముందు కూడా వెలుగుని కొలిచారండీ, కానీ ఎలా కొలిచారో వింటే పాపం అనిపిస్తుంది. సీజియం ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేసి, మూడింతలు చేసి, దానికి ఒక లేజర్ కలిపి, ఆ లేజర్‌ని మళ్ళీ రెట్టింపు చేసి దానికి ఇంకో లేజర్ కలిపి, అలా మెట్టు మీద మెట్టు కట్టుకుంటూ పోయేవాళ్ళు, గదులకి గదులు నిండిపోయేవి, మొత్తం ఒక్కసారి నడపడానికి బోలెడంత మంది కావాలి, ఇంత చేసీ అది ఒక్క రంగుకే పనికొస్తుంది, రంగు మారితే మొత్తం మళ్ళీ కట్టాలి. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లోని పీటీబీ అనే కొలతల లాబ్ వాళ్ళు 1996లో కాల్షియం ఎరుపు వెలుగుని ఇలాగే సీజియం దాకా గొలుసు కట్టి కొలిచారు. నాకు వాళ్ళంటే చాలా గౌరవం, అది తపస్సు లాంటి పని.

ముందు బీట్ వినండి

ఇది తప్పకుండా చెయ్యండి, చదివి వదిలేస్తే మిగతా పాఠం గాలిలో ఉంటుంది. రెండు ఫోన్లలో టోన్ జనరేటర్ యాప్ ఏదైనా వేసుకోండి. ఒకదాన్ని 440 హెర్ట్జ్‌కి, రెండోదాన్ని 442 కి పెట్టి, స్పీకర్లు పక్కపక్కన ఉంచి రెండూ ఒకేసారి మోగించండి. రెండు శబ్దాలుగా వినపడదు, ఒకటే శబ్దం పెరుగుతూ తగ్గుతూ వాం... వాం... అని సెకనుకి రెండుసార్లు వస్తుంది. తంబురా శృతి చేసేవాళ్ళకి ఇది బాగా తెలుసు, రెండు తీగలూ కలవనంతసేపు ఆ ఊపు వినపడుతూనే ఉంటుంది, కలిసేకొద్దీ నెమ్మదిస్తుంది, పూర్తిగా కలిస్తే ఆగిపోతుంది. దాన్నే బీట్ అంటారు. రెండు ఫ్రీక్వెన్సీల మధ్య తేడా ఎంతో బీట్ సెకనుకి అన్నిసార్లు.

ఇక్కడ చూడండి, 440 అనే వేగాన్ని మీ చెవి లెక్కపెట్టలేదు, కానీ 2 ని తేలిగ్గా లెక్కపెట్టేసింది. వెలుగుతో చేసేది కూడా ఇదే. రెండు లేజర్ల వెలుగుని, వెలుగుని కరెంటుగా మార్చే ఫోటోడయోడ్ ఒకదాని మీద పడేస్తే, రెండింటి తేడా ఎంతో ఆ ఫ్రీక్వెన్సీలో కరెంటు ఊగుతుంది, తేడా కొన్ని మెగాహెర్ట్జ్ అయితే మామూలు కౌంటర్ చాలు.

ఇంకో చిన్న పరీక్ష. మీ ఇంట్లో ఎవర్నైనా రెండో ఫోన్‌ని 442 కో 438 కో పెట్టమనండి, ఏది పెట్టారో మీకు చెప్పొద్దనండి. రెండు సందర్భాల్లోనూ బీట్ 2 గానే వినపడుతుంది. పైన ఉందో కింద ఉందో చెవి చెప్పలేదు. ఎలా తేలుస్తారు? మీ చేతిలో ఉన్న ఫోన్‌ని 440 నుంచి 441 కి జరపండి. బీట్ 1 కి తగ్గితే రెండోది పైన ఉన్నట్టు, 3 కి పెరిగితే కింద ఉన్నట్టు. దీన్ని గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో అచ్చం ఇదే కోట్ల కోట్ల దగ్గర చేస్తాం.

దువ్వెన ఎలా పుడుతుంది

ఇప్పుడు తెలియని వెలుగు పక్కన పెట్టడానికి తెలిసిన వెలుగు కావాలి, అదీ ఏ రంగు దగ్గరైనా దొరకాలి. ఒక్క లేజర్ చాలదు, లక్షల లేజర్లు సమానమైన దూరంలో వరసగా నిలబెట్టినట్టు ఉండాలి. ఆ వరసే ఫ్రీక్వెన్సీ దువ్వెన, ఒక్కో లేజర్ లాంటి గీత ఒక్కో పన్ను. మంచి సంగతి ఏంటంటే ఒకే ఒక్క లేజర్ అన్ని పళ్ళనీ ఇచ్చేస్తుంది, అది ఆగి ఆగి మెరిసే రకం అయితే.

ఎలాగో చూడాలంటే జాతరలో వంద ఊయలలు వరసగా ఉన్నాయనుకోండి. మొదటిది నిమిషానికి 50 ఊపులు, రెండోది 51, మూడోది 52, అలా. అన్నిటినీ ఒకేసారి వదిలారు. కాసేపటికి చెల్లాచెదురు, ఒకటి ముందుకి ఒకటి వెనక్కి, చూడ్డానికి ఏ పద్ధతీ ఉండదు. కానీ సరిగ్గా నిమిషం అయ్యేసరికి మొదటిది 50 ఊపులు పూర్తి చేసి, రెండోది 51 పూర్తి చేసి, అన్నీ బయల్దేరిన చోటికే ఒకేసారి వచ్చేస్తాయి. మళ్ళీ చెదిరి, మళ్ళీ నిమిషానికి కలుస్తాయి. అన్నీ కలిసే ఆ క్షణమే లేజర్ మెరుపు, చెదిరి ఉన్న టైమ్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుని చీకటి. దీన్ని తిరగేస్తే, సమానమైన గ్యాప్‌లో మెరుపులు వస్తున్నాయి అంటే లోపల సమానమైన తేడాతో ఫ్రీక్వెన్సీలు ఉన్నట్టే. ఊయలల మధ్య తేడా నిమిషానికి 1, మెరుపులూ నిమిషానికి 1.

లేజర్‌లో ఈ మెరుపు పదుల ఫెమ్టోసెకన్ల నుంచి వంద ఫెమ్టోసెకన్ల చిల్లర ఉంటుంది, లోపల గుండ్రంగా తిరుగుతూ ఒక చుట్టుకి ఒకసారి కొంచెం బయటికి వస్తుంది. సెకనుకి 25 కోట్ల మెరుపులు, అంటే 250 మెగాహెర్ట్జ్, ఫైబర్ లేజర్లలో ఇది మామూలే. దీన్ని రెప్ రేట్ అంటారు, అదే పన్నుకీ పన్నుకీ మధ్య దూరం. ఇది మైక్రోవేవ్ కన్నా కిందే కాబట్టి ఎలక్ట్రానిక్స్ హాయిగా లెక్కపెడుతుంది, సీజియంతోనో హైడ్రోజన్ మేజర్ అనే ఇంకో పరమాణు గడియారంతోనో కట్టేస్తుంది.

ఇక్కడ ఒక మెలిక. ఊయలలు 50, 51, 52 కాకుండా 50.3, 51.3, 52.3 అయితే? నిమిషం అయ్యేసరికి అన్నీ ఒకే చోట ఉంటాయి, సందేహం లేదు, కాకపోతే బయల్దేరిన చోట కాదు, ఊపులో పదికి మూడు వంతులు దాటి ఉంటాయి. మెరుపు నిమిషానికి ఒకటి ఠంచనుగా వస్తుంది, మెరుపుల్ని మాత్రమే లెక్కపెట్టేవాడికి ఈ 0.3 కనపడనే కనపడదు. లేజర్ లోపల గాజు, క్రిస్టల్ ఉంటాయి కదా, వాటిలో మెరుపు పోయే వేగం ఒకటి, లోపలి వెలుగు అలల వేగం ఇంకోటి, అందుకని చుట్టు చుట్టుకీ అల మెరుపు లోపల కొంచెం జారుతుంది. ఈ జారుడు వల్ల దువ్వెన మొత్తం పక్కకి జరిగి కూర్చుంటుంది. దాని పేరు ఆఫ్‌సెట్. అంచేత ఏ పన్ను ఎక్కడుందో చెప్పే సూత్రం ఇంతే:

పన్ను ఫ్రీక్వెన్సీ = పన్ను నంబరు × రెప్ రేట్ + ఆఫ్‌సెట్

రెప్ రేట్ తెలుసు. ఆఫ్‌సెట్ తెలియకపోతే మొత్తం పోయినట్టే. ఎన్నో ఏళ్ళు ఇక్కడే ఆగిపోయారు.

ఆఫ్‌సెట్‌ని పట్టుకునే చిట్కా

కాగితం తీసుకోండి. చిన్న దువ్వెన తయారు చేద్దాం, రెప్ రేట్ 10, ఆఫ్‌సెట్ 3. ఈ 3 మీకు తెలియదనుకోండి. 5వ పన్ను 5 × 10 + 3 = 53. ఇప్పుడు ఆ 53 వెలుగుని ఒక ప్రత్యేకమైన క్రిస్టల్ గుండా పంపితే రెట్టింపు అవుతుంది, 106. అదే దువ్వెనలో 10వ పన్ను 10 × 10 + 3 = 103. రెండింటినీ ఫోటోడయోడ్ మీద పడేస్తే బీట్ ఎంత? 106 లోంచి 103 పోతే 3. ఆఫ్‌సెట్ దానంతటదే బయటికొచ్చేసింది, ఎందుకంటే రెట్టింపు చేసినప్పుడు ఆఫ్‌సెట్ కూడా రెట్టింపైంది, 10వ పన్నులో మాత్రం ఒక్కసారే ఉంది. నంబర్లు మార్చి, 7వ పన్ను 14వ పన్ను తీసుకుని ఇంకోసారి చేసి చూడండి, మళ్ళీ 3 ఏ వస్తుంది.

ఇంత తేలికైన లెక్కకి ఎందుకు అన్నేళ్ళు పట్టిందంటే, 5వ పన్ను 10వ పన్ను రెండూ ఒకే దువ్వెనలో ఉండాలి, అంటే వెలుగు కనీసం ఒక ఆక్టేవ్ వెడల్పు ఉండాలి. కింది షడ్జమం నుంచి పై షడ్జమం దాకా అన్నమాట. మామూలు లేజర్ మెరుపుకి అంత వెడల్పు ఉండదు. బెల్ లాబ్స్ వాళ్ళు సన్నని గాలి రంధ్రాలున్న గాజు ఫైబర్ చేశారు, అందులోకి మెరుపుని పంపితే అవతల ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అన్నీ కలిసి వస్తాయి, దువ్వెన పళ్ళ క్రమం మాత్రం చెదరదు. దాంతో 2000 ప్రాంతంలో అమెరికాలో బౌల్డర్‌లోని జీలా లాబ్‌లో జాన్ హాల్ బృందం, జర్మనీలో గార్షింగ్‌లో థియోడర్ హెన్ష్ బృందం ఈ పని చేసి చూపించారు. అప్పటిదాకా గదులు నింపిన గొలుసు ఒక్క టేబుల్ మీదకి వచ్చేసింది. 2005లో ఫిజిక్స్ నోబెల్‌లో సగం వీళ్ళిద్దరికీ వచ్చింది, మిగతా సగం రాయ్ గ్లౌబర్‌కి.

ఇప్పుడు అసలు లెక్క

నాలుగు అంకెలు ఇస్తున్నా. రెప్ రేట్ 250,000,000 హెర్ట్జ్. ఆఫ్‌సెట్ 20,000,000 హెర్ట్జ్. స్ట్రాన్షియం లేజర్‌కీ, దాని పక్కనున్న పన్నుకీ మధ్య బీట్ 15,770,127 హెర్ట్జ్. ఇవి పాఠం కోసం నేను పెట్టుకున్న సెట్టింగులే, లాబ్‌లో వాళ్ళకి కావలసినట్టు మార్చుకుంటారు. నాలుగోది, వేవ్‌మీటర్ అనే పెట్టె చెప్పిన ముతక కొలత, 429,228.00 గిగాహెర్ట్జ్, అటూ ఇటూ 0.05 తేడా ఉండొచ్చు. ఈ పాఠంలో అంకెల్ని లక్షలు కోట్లుగా కాకుండా మూడేసి అంకెలకి కామా పెట్టి రాయండి, కిలో, మెగా, గిగా, టెరా ఎక్కడున్నాయో చూడగానే తెలుస్తుంది.

మొదట పన్ను నంబరు. వేవ్‌మీటర్ కొలతలోంచి ఆఫ్‌సెట్ 0.02 తీసేస్తే 429,227.98 గిగాహెర్ట్జ్, దాన్ని 0.25 తో భాగిస్తే 1,716,911.92. పన్ను నంబరు పూర్ణాంకమే అవ్వాలి కాబట్టి దగ్గరిది 1,716,912. ఒక పన్ను అటో ఇటో జరిగితే జవాబు 0.25 గిగాహెర్ట్జ్ మారిపోతుంది, మన వేవ్‌మీటర్ తప్పు 0.05 మించదు, కాబట్టి నంబరు ఖాయం.

పదిహేడు లక్షల పదహారు వేల తొమ్మిది వందల పన్నెండో పన్ను. మా నాన్న భూతద్దంలో చూసే చక్రాలకి అరవయ్యో డెబ్భయ్యో పళ్ళు ఉండేవి.

దాన్ని 250,000,000 తో గుణించాలి. ఫోన్ కాలిక్యులేటర్ కొన్నిసార్లు ఇంత పొడుగు అంకెల్ని చివర్లో గుండ్రం చేసేస్తుంది, అందుకని 250 అంటే వెయ్యిలో నాలుగో వంతు కదా, ముందు 1,716,912 ని 4 తో భాగించండి, 429,228 వస్తుంది, దాని పక్కన తొమ్మిది సున్నాలు పెట్టండి.

429,228,000,000,000

ఆఫ్‌సెట్ కలపండి.

429,228,020,000,000

ఇదీ ఆ పన్ను ఉన్న చోటు. లేజర్ దీనికి 15,770,127 దూరంలో ఉంది. పైనా, కిందా? వేవ్‌మీటర్ ఇది చెప్పలేదు, రెండు జవాబులకీ మధ్య తేడా 0.03 గిగాహెర్ట్జే, దాని తప్పు అంతకన్నా పెద్దది. ఇక్కడే ఫోన్ పరీక్ష గుర్తు తెచ్చుకోండి. రెప్ రేట్‌ని ఒక్క హెర్ట్జ్ పెంచుతాం, లేజర్ లోపల మెరుపు తిరిగే దారిని సుమారు 5 నానోమీటర్లు తగ్గిస్తే చాలు, అద్దం వెనక ఉన్న పియెజో ముక్కకి (వోల్టేజ్‌ని బట్టి వెంట్రుకవాసి సాగి కుంచించుకునేది) కొంచెం వోల్టేజ్ మారిస్తే అయిపోతుంది. రెప్ రేట్ ఒక హెర్ట్జ్ పెరిగితే మన పన్ను 1,716,912 హెర్ట్జ్ పైకి జరుగుతుంది, ప్రతి మెట్టూ వెంట్రుకవాసి పెరిగితే పదిహేడు లక్షల మెట్ల పైన ఎంత ఎత్తు పెరుగుతుందో చూడండి. బీట్ మళ్ళీ చదివితే 17,487,039 వచ్చింది. పెరిగింది. అంటే పన్ను లేజర్‌కి దూరంగా జరిగింది, అంటే లేజర్ పన్నుకి కింద ఉంది. తీసెయ్యాలి.

429,228,020,000,000 − 15,770,127 = 429,228,004,229,873

అంతే. మొదట్లో చెప్పిన స్ట్రాన్షియం అంకె, మీ చేతిరాతలో.

ఇంకో అందం చూశారా, కొత్త బీట్ లోంచి పాత బీట్ తీసేస్తే ఎంత? 17,487,039 − 15,770,127 = 1,716,912. పన్ను నంబరే. వేవ్‌మీటర్ లేకపోయినా దువ్వెన తన పన్ను నంబరు తానే చెప్పేస్తుంది. నిజం లాబ్‌లో కొలతలు కొంచెం కదులుతుంటాయి కాబట్టి ఒక్క హెర్ట్జ్‌తో ఆగరు, ఇంకా ఎక్కువ జరిపి, రెండు మూడు రకాలుగా సరిచూసుకుంటారు.

నేను ఈ లెక్క మొదటిసారి సొంతంగా చేసినప్పుడు ప్లస్సా మైనస్సా అనే గుర్తుని పట్టించుకోకుండా కలిపేశాను. జవాబు 3 కోట్ల 15 లక్షల హెర్ట్జ్ పైకి పోయింది. చూడ్డానికి 429,228 వరకూ సరిగ్గానే ఉంది, ఆ తర్వాతే చెడింది, అందుకే చాలాసేపు తప్పు కనపడలేదు. కోట్ల కోట్ల ముందు మూడు కోట్లు ఎంతలే అనిపిస్తుంది గానీ భాగంగా చూస్తే 7 × 10⁻⁸, సీజియం ఫౌంటెన్ 10⁻¹⁶ కొలుస్తున్న చోట ఇది కొండంత. మొత్తం పనిలో ఒక్క ప్లస్ మైనస్. దయచేసి గుర్తు తేల్చకుండా ముందుకి పోకండి.

కొలవడం అయింది, గడియారం ఎక్కడ?

ఇప్పటిదాకా మనం కింది నుంచి పైకి వెళ్ళాం, సీజియంతో కట్టిన రెప్ రేట్‌తో వెలుగుని కొలిచాం. ఇందులో ఒక పరిమితి ఉంది, సీజియం ఎంత తప్పితే జవాబూ అదే భాగం తప్పుతుంది. 250 మెగాహెర్ట్జ్‌లో తప్పు 10⁻¹⁶ అయితే 429 టెరాహెర్ట్జ్‌లో కూడా 10⁻¹⁶ ఏ, హెర్ట్జ్‌లో చూస్తే పెద్దదిగా కనపడుతుంది, భాగం మాత్రం మారదు. స్ట్రాన్షియం సీజియం కన్నా నిలకడైనది కదా, మరి చిన్న స్కేలుతో పెద్ద స్కేలుని కొలిచి లాభమేంటి?

అందుకని తిరగేస్తారు. పన్నుని స్ట్రాన్షియం లేజర్‌కి కట్టేస్తారు. బీట్ 15,770,127 కన్నా కొంచెం పెరిగినా తగ్గినా పియెజోని అటూ ఇటూ జరిపి వెంటనే సరిచేసే సర్క్యూట్ పెడతారు, ఆఫ్‌సెట్‌ని కూడా అలాగే 20,000,000 దగ్గర పట్టుకుంటారు. ఇప్పుడు మన సూత్రంలో తెలియనిది రెప్ రేట్ ఒక్కటే మిగిలింది, దానికి ఇంకో దారి లేదు, సరిగ్గా 250,000,000 అయి తీరాలి. స్ట్రాన్షియం నిలకడ మొత్తం కిందకి దిగి రెప్ రేట్‌లోకి వచ్చేసింది. మెరుపుల్ని 25 కోట్లు లెక్కపెట్టండి, ఒక సెకను. బీట్‌నీ ఆఫ్‌సెట్‌నీ పోల్చడానికి కావలసిన ఫ్రీక్వెన్సీలు కూడా ఈ రెప్ రేట్ నుంచే పుట్టించుకోవచ్చు, బయటి గడియారం అక్కర్లేదు. వాచీలో చక్రాలు చేసే పనే ఇది, వేగంగా ఊగేదాన్ని మనం చదవగలిగే వేగానికి దించడం, ఒక్క పన్ను కూడా జారకుండా.

ఆ పక్కనే ఇంకో రంగు గడియారం ఉంటే, ఇటర్బియం అనే ఇంకో మూలకంది అనుకోండి, అదే దువ్వెనలో ఇంకో పన్ను దానికీ పక్కన ఉంటుంది. రెండు గడియారాల్నీ సీజియం ఊసే లేకుండా నేరుగా పోల్చేయొచ్చు. సెకను నిర్వచనాన్ని మార్చాలంటే ఈ పోలికలే ముఖ్యం, ఒక దేశంలో స్ట్రాన్షియం, ఇంకో దేశంలో ఇటర్బియం, వేరే చోట అల్యూమినియం అయాన్, అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. అంతర్జాతీయ కొలతల మహాసభ 2022లో దీని మీద తీర్మానం చేసింది, 2030 సంవత్సరాన్ని లక్ష్యంగా పెట్టుకున్నారు. మన దేశానికి అధికారిక టైమ్ ఇచ్చే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీతో సహా అందరూ ఆ కొత్త సెకనునే అందుకోవాలి.

వచ్చే పాఠంలో ఈ గడియారంతో ఎత్తు కొలవడం నేర్చుకుందాం. మేడ మీద గడియారం కింద గడియారం కన్నా వేగంగా నడుస్తుంది, మీటరుకి 1.1 × 10⁻¹⁶ భాగం, అంటే స్ట్రాన్షియం దగ్గర మీటరుకి 0.047 హెర్ట్జ్. టోక్యో స్కైట్రీ టవర్‌లో జపాన్ శాస్త్రవేత్త కటోరి బృందం ఒక గడియారం కిందా ఒకటి 450 మీటర్ల పైనా పెట్టి పోల్చారు, 2020లో ఆ ఫలితం వచ్చింది. తేడా ఎన్ని హెర్ట్జ్ ఉండాలో మీరే గుణించి పెట్టుకోండి, 21 దగ్గర్లో వస్తే సరిగ్గా చేసినట్టు.

ఈలోగా చెయ్యాల్సిన లెక్క. అదే దువ్వెన, రెప్ రేట్ 250,000,000, ఆఫ్‌సెట్ 20,000,000. ఇటర్బియం లేజర్ ఫ్రీక్వెన్సీ 518,295,836,590,864 హెర్ట్జ్. ఈసారి తిరగేసి అడుగుతున్నా, దీనికి దగ్గరి పన్ను నంబరు ఎంత, బీట్ ఎంత, లేజర్ పన్నుకి పైనా కిందా? బీట్ 66 మెగాహెర్ట్జ్ చిల్లర వస్తే దారిలోనే ఉన్నారు. 183 చిల్లర వస్తే తప్పు కాదు గానీ అవతలి పక్క పన్ను పట్టుకున్నారు, రెండు బీట్‌లూ కలిపి చూడండి, సరిగ్గా 250 అవ్వాలి. అది అయ్యాక రెప్ రేట్‌ని ఒక హెర్ట్జ్ పెంచితే 66 చిల్లర బీట్ ఎంతవుతుందో కూడా రాయండి. స్ట్రాన్షియంకి పెరిగింది కదా, దీనికి 64,517,681 కి తగ్గాలి. ఎందుకు తగ్గిందో బొమ్మ గీసుకుని చూసి, ఆ కాగితం దాచిపెట్టుకోండి, నాలుగో పాఠం దాని మీద నుంచే మొదలుపెడతా.